ఏడాదిలో -1.00 నుంచి -2.00కి: పాపకి పూర్తి పవర్ వేయించాలా, తగ్గించి వేయించాలా?

ఇద్దరు_పిల్లల_తల్లి:
పాపకి 8 ఏళ్ళు. పోయిన జూన్‌లో రెండు కళ్ళకీ -1.00. ఈ జూన్‌లో కుడి -2.00, ఎడమ -2.25, ఎడమకి సిలిండర్ (కంటి వంపులో తేడాకి వేసే పవర్) -0.50 కూడా రాశారు. రెండుసార్లూ కంప్యూటర్ మీద చూసి, చార్టు చదివించి రాసినవే, చుక్కల మందు వేయలేదు. కళ్ళజోళ్ళ షాపులో "పూర్తి పవర్ ఇస్తే కన్ను దానికి మరిగి ఇంకా పెరుగుతుంది, -1.50 చాలు" అంటున్నారు. అత్తయ్యగారేమో అద్దాలు బోర్డు చూసేటప్పుడు పెట్టుకుంటే చాలంటున్నారు. నాకు -3.50, మా వారికి -7.00.

పూర్తి పవర్ వేయించాలా? పెరగకుండా చుక్కలూ కొత్తరకం లెన్సులూ ఉన్నాయంటున్నారు, వాటిలో ఏది? బాబుకి 6 ఏళ్ళు, బడిలో చార్టు చదివించి బాగానే ఉందన్నారు, వాడికీ ఇప్పుడే చూపించాలా? మా వారు (38 ఏళ్ళు, కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శక పొర, మందం 510 మైక్రాన్లు) లేసిక్ లేజర్ ఆపరేషన్ చేయించుకుందామంటున్నారు, దాని సంగతి కూడా చెప్పగలరు.

రెటినోస్కోపు:
అమ్మా, ముందు ఆ -2.00 నిజమో కాదో తేలాలి. 8 ఏళ్ళ పిల్లల కంట్లో ఫోకస్ కండరానికి బలం ఎక్కువ. కంప్యూటర్ లోపలికి చూస్తున్నంతసేపూ ఆ కండరం బిగుసుకునే ఉంటుంది, ఆ బిగువంతా మైనస్‌గా లెక్కలోకి వస్తుంది. అర డయాప్టర్ (పవర్ కొలత), ఒక్కోసారి ఒకటి దాకా ఎక్కువ చూపించవచ్చు. చుక్కలు వేయకుండా పిల్లలకి రాసిన మైనస్ పవర్‌ని నేను చిత్తుప్రతి కిందే లెక్కేస్తాను.

ఫోకస్ కండరాన్ని సడలించే సైక్లోపెంటోలేట్ 1 శాతం చుక్క ఒకటి, 5-10 నిమిషాలకి ఇంకొకటి, చివరి చుక్క పడ్డాక 30-45 నిమిషాలకి పరీక్ష. పది నిమిషాలకే కంటిపాప పెద్దదైందని కూర్చోబెట్టేస్తే లాభం లేదు. కంటిపాప విచ్చుకోవడం వేరు, ఫోకస్ కండరం సడలడం వేరు, రెండోదానికి ఎక్కువసేపు పడుతుంది. చుక్క మండుతుందని పిల్లకి ముందే చెప్పండి. ఆ రోజంతా దగ్గరివి మసకగా ఉంటాయి, వెలుతురు పడదు. శనివారం చేయించుకుంటే బడి పోదు. వెళ్ళేటప్పుడు టోపీ తీసుకెళ్ళండి.

తగ్గించి వేయడం గురించి: అది పాత నమ్మకం. మలేషియాలో 2002లో దీన్ని నేరుగా పరీక్షించారు. సుమారు 0.75 తగ్గించి వేసిన పిల్లలకి, పూర్తి పవర్ వేసినవాళ్ళకంటే సైట్ ఎక్కువగా పెరిగింది. తగ్గించిన అద్దాలు మేలు చేస్తాయని గట్టిగా చూపించిన అధ్యయనం నా ఎరుకలో లేదు. చుక్కలతో తేలిన అంకె ఎంతో అంతే వేయించండి, దాన్ని మించి కూడా వద్దు. ఎక్కువ మైనస్‌లో అక్షరాలు నల్లగా, చిన్నగా, "బాగా" కనిపిస్తాయి. అందుకే పిల్లలు ఇంకో పావు, ఇంకో పావు అడుగుతుంటారు. చార్టు చదవడానికి సరిపోయే అతి తక్కువ మైనస్ దగ్గరే ఆగాలి.

అత్తయ్యగారి మాట -0.50 దగ్గర కొంతవరకు చెల్లుతుందేమో గానీ, -2.00కి చెల్లదు. మైనస్ 2 అంటే అద్దాలు లేకుండా స్పష్టంగా కనిపించేది అర మీటరు వరకే. లెక్క తేలిక: 1ని పవర్‌తో భాగిస్తే మీటర్లలో దూరం వస్తుంది. -1.00కి ఒక మీటరు, -4.00కి 25 సెంటీమీటర్లు. ఇంట్లో ఉజ్జాయింపుగా చూడాలంటే అద్దాలు తీసి, ఒక కన్ను మూసి, చిన్న అక్షరాలున్న పుస్తకాన్ని మెల్లగా దూరం జరపండి. అక్షరం అంచు చెదిరిన చోట టేపుతో కొలవండి. 60 సెంటీమీటర్లు వచ్చిందంటే -1.67 దగ్గర్లో ఉన్నట్టు. ఈ కొలతతో అద్దాలు చేయించడానికి కుదరదు, షాపు వాళ్ళు రాసిన అంకె మరీ తేడాగా ఉందేమో తెలుసుకోవడానికి పనికొస్తుంది.

పల్లెపైరు:
మునగాకు, క్యారెట్ పెట్టి, పామింగ్ (అరచేతులతో కళ్ళు మూయడం), త్రాటక (రెప్పవేయకుండా చూడటం) చేయిస్తే సైట్ పోతుందని వీడియోలు చాలా ఉన్నాయి. అవి చేయించి చూడకూడదా?

రెటినోస్కోపు:
మునగాకు పప్పు చేసి పెట్టండి, మంచిదే. విటమిన్-ఎ లోపం వల్ల వచ్చేది రేచీకటి, కన్ను ఎండిపోవడం. మైనస్ పవర్ రావడానికి కారణం అది కాదు, కంటిగుడ్డు ముందునుంచి వెనక్కి పొడవు పెరగడం. పెరిగిన పొడవు ఏ వ్యాయామంతోనూ తగ్గదు. వీడియోల్లో "అద్దాలు తీసేశాం" అనే పిల్లల్లో చాలామందికి ముందు చుక్కలు వేయకుండా పవర్ రాసి ఉంటారు. కండరం సడలగానే పోయేది ఆ దొంగ మైనస్సే.

చిన్నకళ్ళ_డాక్టర్:
పైన చెప్పిందానికి ఒకటి కలపాలి. చుక్కల పరీక్ష రోజే కంటి పొడవు కూడా కొలిపించండి. కంటికి ఏమీ తగలకుండా నిమిషంలో కొలిచే యంత్రాలున్నాయి, ఆ పొడవుని యాక్సియల్ లెంగ్త్ అంటారు. పవర్ అంకె రోజును బట్టి, చూసేవాళ్ళను బట్టి పావు అటూ ఇటూ అవుతుంది. పొడవు అలా మారదు. 1 మిల్లీమీటరు పొడవు పెరిగితే సుమారు 2.5 డయాప్టర్ల మైనస్. ఈ వయసులో సైట్ లేని పిల్లలకీ ఏడాదికి 0.1 మి.మీ. పెరుగుతుంది, అది ఎదుగుదల. 0.3 దాటితే వేగంగా పోతున్నట్టు.

ఎందుకింత పట్టింపు అంటే, అసలు భయం అద్దాల మందం గురించి కాదు. -6.00 దాటినా, పొడవు 26 మి.మీ. దాటినా రెటీనా (కంటి వెనక ఉండే చూపు పొర) సాగి పలచబడుతుంది. నడివయసు దాటాక మాక్యులా (రెటీనా నడుమ భాగం) దెబ్బతినడం, రెటీనా ఊడడం, గ్లాకోమా (నీటికాసులు), ఇవన్నీ వాళ్ళలో ఎక్కువ. పెరుగుదలని ఒక్క డయాప్టర్ ముందు ఆపగలిగినా తర్వాత మాక్యులా దెబ్బతినే ముప్పు 40 శాతం దాకా తగ్గుతుందని 2019లో వచ్చిన ఒక విశ్లేషణ అంచనా. అమ్మానాన్నలిద్దరికీ మైనస్, పాపకి 8 ఏళ్ళకే -2.00, ఏడాదికి ఒకటి చొప్పున పెరుగుదల: ఇలాంటప్పుడు "ఆర్నెల్లు చూద్దాం" అని నేననను.

పెరుగుదల తగ్గించడానికి రోజూ వేసే అట్రోపిన్ చుక్కలు: హాంకాంగ్‌లో 4-12 ఏళ్ళ పిల్లల మీద చేసిన ల్యాంప్ అధ్యయనంలో, మందు లేని చుక్కలు వేసినవాళ్ళతో పోలిస్తే మొదటి ఏడాది పవర్ పెరుగుదల 0.05 శాతం మందుతో 67 శాతం, 0.025తో 43 శాతం, 0.01తో 27 శాతం తగ్గింది. కంటి పొడవు విషయంలో 0.01 ఇంకా బలహీనం, 12 శాతమే. 0.01 రాసి పంపేయడం ఇప్పటికీ మామూలే. వేగంగా పెరిగే చిన్నపిల్లలకి అది చాలకపోవచ్చు, 0.025 గానీ 0.05 గానీ మీ డాక్టర్‌తో మాట్లాడండి. రాత్రి పడుకునే ముందు కంటికి ఒక్క చుక్క, తర్వాత కంటి లోపలి మూలని ముక్కు వైపు వేలితో ఒక నిమిషం నొక్కి పట్టాలి. అలా చేస్తే మందు ముక్కులోకీ గొంతులోకీ దిగదు. 0.05తో కంటిపాప కొంచెం పెద్దదై కొందరికి ఎండలో కళ్ళు చికిలించాల్సి వస్తుంది.

ఒక హెచ్చరిక. మందుల షాపులో 1 శాతం అట్రోపిన్ సీసా కూడా ఉంటుంది. అది 0.01కి వంద రెట్లు. పేరు అదే, అంకె వేరు. డబ్బా మీద సున్నాలు మీరే లెక్కపెట్టుకోండి. చుక్క వేసిన మర్నాడు పాప పుస్తకం చదవలేకపోతున్నా, మొహం ఎర్రబడినా మొదట సీసా చూడాలి. ఇంట్లో నీళ్ళు కలిపి పలచన చేయడం అసలు పనికిరాదు. చిన్నవాడికి అందకుండా పెట్టండి.

చుక్కలు ఒక్కసారిగా మానేస్తే ఆగిన పెరుగుదల కొంత ఎగదన్నుకొస్తుంది, మోతాదు ఎంత ఎక్కువైతే అంత. మొదలుపెట్టడానికి ముందే కనీసం రెండేళ్ళకి మనసు సిద్ధం చేసుకోండి.

బాబు సంగతి. బడిలో చార్టు మైనస్ వచ్చాక పట్టుకుంటుంది, రాబోతున్నదాన్ని పట్టుకోలేదు. 6 ఏళ్ళ వయసులో చుక్కలు వేసి చూస్తే ప్లస్ 0.75 అయినా ఉండాలి. అంతకంటే తక్కువ ఉన్న పిల్లలకే తర్వాత మైనస్ వచ్చే అవకాశం ఎక్కువని అమెరికాలో ఏళ్ళ తరబడి పిల్లల్ని గమనించిన అధ్యయనంలో తేలింది. అక్కతోపాటే వాడికీ చుక్కలు వేసి పరీక్ష చేయించండి. వాడి విషయంలో మీ చేతిలో ఉన్న గట్టి మందు ఆరుబయట వెలుతురు. గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలకి రోజూ ఇంకో 40 నిమిషాలు బయట తరగతి పెట్టి మూడేళ్ళు చూస్తే, కొత్తగా మైనస్ వచ్చినవాళ్ళు 30.4 శాతం, పెట్టని బడుల్లో 39.5 శాతం. తైవాన్ బడుల్లో 2010 నుంచి రోజుకి 120 నిమిషాలు బయట గడపాలన్న లక్ష్యం పెట్టుకున్నారు. మన మే ఎండలో పిల్లల్ని మధ్యాహ్నం మైదానంలో నిలబెట్టమని కాదు. గదిలో వెలుతురు 300-500 లక్స్ అయితే, పొద్దున్న చెట్టు నీడలో కూడా దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. బడికి ముందు అరగంట, సాయంత్రం గంటన్నర చాలు, క్రికెట్టే ఆడాలనేం లేదు. సైట్ వచ్చాక దాని వేగం తగ్గించడంలో మాత్రం ఆరుబయట ప్రభావం అంత గట్టిగా లేదు, కాబట్టి పాపకి అదొక్కటే సరిపోదు.

ఎర్రకాంతిలోకి చూసే యంత్రాలు ఇంటికి అమ్ముతున్నారు. పెరుగుదల ఆపుతాయన్న ఫలితాలున్నాయి, రెటీనా దెబ్బతిన్న కేసులూ నమోదయ్యాయి. నా సలహా: వద్దు.

లెన్సు_బెంచి:
షాపు వైపు నుంచి. పెరుగుదల తగ్గించే కళ్ళజోడు లెన్సుల్లో ఎక్కువగా వినిపించేవి మియోస్మార్ట్, స్టెల్లెస్ట్. రెండిటిలోనూ మధ్యలో 9 మి.మీ. మామూలు పవర్, చుట్టూ కంటికి కనిపించనంత చిన్న చిన్న లెన్సులు. మియోస్మార్ట్‌లో అవి దాదాపు 400, ఒక్కొక్కటి +3.50. అంచుల నుంచి వచ్చే కాంతి రెటీనా ముందే ఫోకస్ అయి, కన్ను పొడవు పెరగాలన్న సంకేతం తగ్గుతుందన్నది ఆలోచన. హాంకాంగ్‌లో 8-13 ఏళ్ళ పిల్లల మీద మియోస్మార్ట్‌తో చేసిన రెండేళ్ళ పరీక్షలో, మామూలు అద్దాలతో పోలిస్తే పవర్ పెరుగుదల 52 శాతం, పొడవు పెరుగుదల 62 శాతం తగ్గింది.

కానీ వీటిని బిగించడంలో జరిగే పొరపాట్లు ఎక్కువ. ఆ 9 మి.మీ. కిటికీ కంటిపాప ఎదురుగా ఉండాలి. ఎనిమిదేళ్ళ పిల్లకి కంటిపాపల మధ్య దూరం 55 మి.మీ. అటూ ఇటూ. షాపులో పిల్లకి నచ్చిందని 48-18 (గాజు వెడల్పు 48, ముక్కు మీది వంతెన 18 మి.మీ.) ఫ్రేము ఇస్తే రెండు గాజుల మధ్యబిందువుల దూరం 66. ప్రతి లెన్సునీ 5.5 మి.మీ. లోపలికి జరపాలి, అప్పుడు పక్క అంచు మందమవుతుంది, జోడు ముక్కు మీద నిలవదు. 42-14, 40-16 లాంటి అంకెలు చూడండి, రెండూ కలిపితే కంటిపాపల దూరానికి దగ్గరగా రావాలి. ఎత్తు కూడా కొలవాలి, అదీ పిల్ల నిలబడి ఎదురుగా చూస్తున్నప్పుడు. జోడు ముక్కు మీద నుంచి 4 మి.మీ. జారితే పిల్ల ఆ కిటికీ పైనుంచి చూస్తుంది, అంత డబ్బు పోసి కొన్నది మామూలు అద్దం కిందే లెక్క. ముక్కు దగ్గర సిలికాన్ ప్యాడ్లు, చెవి వెనక వంపు, అవసరమైతే తాడు. నెలకోసారి షాపుకి తీసుకెళ్ళి బిగించుకోండి, చాలా షాపులు దానికి డబ్బు అడగవు. నిద్ర లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా పెట్టుకోవాలి, రోజుకి 12 గంటలు దాటితేనే ఫలితం బాగుంటుంది. బడిలో మాత్రం పెట్టుకునే పిల్లలకి ఇవి వేయించకండి.

మామూలు అద్దాలే అయితే పిల్లలకి పాలీకార్బొనేట్, తేలిగ్గా పగలదు. బ్లూకట్ పూత కోసం అదనంగా ఇవ్వక్కర్లేదు, అది సైట్‌ని ఆపదు. గీత పడని పూత, మెరుపు తగ్గించే పూత ఉంటే చాలు. జోడు తీసుకునేటప్పుడు లెన్సోమీటర్ (లెన్సు పవర్ కొలిచే యంత్రం) మీద పెట్టి చూపించమనండి: పవర్, సిలిండర్, యాక్సిస్ (సిలిండర్ కోణం), మధ్యబిందువుల దూరం. మీ వారిలాంటి -7.00కి ఈ చివరిది ప్రాణం. ఒక్కో కంటికి మధ్యబిందువు 3 మి.మీ. తప్పితే 0.3 × 7, అంటే 2.1 ప్రిజమ్ (కాంతిని పక్కకి వంచే దోషం) పడుతుంది. పవర్ కరెక్టుగా ఉన్నా తలనొప్పి వస్తే ఇది ఒక కారణం కావచ్చు. ఆయనకి 1.67 మెటీరియల్ (పలచటి లెన్సు రకం), చిన్న గుండ్రటి ఫ్రేము. ఇంకా పలచనైన 1.74కి పెట్టే డబ్బుకంటే ఫ్రేము నాలుగు మి.మీ. చిన్నదవడమే మందం ఎక్కువ తగ్గిస్తుంది. కాంటాక్ట్ లెన్సులకైతే -7.00 అని చెప్పి తీసుకోవద్దు. కంటికి 12 మి.మీ. దూరంలో ఉన్న -7.00, కంటి మీదకి వచ్చేసరికి -6.50 అవుతుంది.

టోపోమ్యాప్:
మీ వారి లెక్క నేను చేస్తాను. 6.5 మి.మీ. వెడల్పున ఒక డయాప్టర్ తీయడానికి లేజర్ సుమారు 14 మైక్రాన్లు తింటుంది. ఏడింటికి 98. లేసిక్‌లో ముందు లేపే పొర 110. 510లోంచి రెండూ తీసేస్తే 302 మిగులుతుంది. 250 కనీసం, 300 ఉంటే మేలు అనే పాత లెక్కలో ఆయన గట్టెక్కినట్టే. కానీ కదిలించిన మందం మొత్తంలో ఎంత శాతమో కూడా చూడాలి: 208ని 510తో భాగిస్తే దాదాపు 41 శాతం. 40 దాటిందంటే తర్వాత కార్నియా ఉబ్బే ముప్పు పెరుగుతుంది. కొన్ని యంత్రాలు సూత్రం చెప్పినదానికంటే ఎక్కువే తింటాయి. కాబట్టి ఈ అంకెలతో "చేసేద్దాం రండి" అన్నచోట ఆగి ఆలోచించండి. పొర 100 దగ్గర తీయడం, పొర లేకుండా చేసే పీఆర్‌కే, లేదంటే కంట్లో అమర్చే లెన్సు ఐసీఎల్, ఇవన్నీ మాట్లాడాలి. ఐసీఎల్‌కి కంటి ముందు గది లోతు 2.8 మి.మీ. అయినా ఉండాలి, కార్నియా లోపలి కణాల లెక్క కూడా చూస్తారు.

పరీక్షకి వెళ్ళేముందు మెత్తటి కాంటాక్ట్ లెన్సులు కనీసం వారం రెండు వారాలు, గట్టివైతే మూడు నాలుగు వారాలు మానాలి. మానకపోతే కార్నియా ఆకారం చూపే టోపోగ్రఫీ పటం తప్పు చూపిస్తుంది. పవర్ ఏడాదిగా అర డయాప్టర్ కంటే ఎక్కువ మారకూడదు. అలర్జీతో కళ్ళు నులుముకునే అలవాటుంటే ముందు అది ఆగాలి, కెరటోకోనస్ (కార్నియా పలచబడి ఉబ్బే జబ్బు) లేదని పటంలో తేలాలి.

ఆయనకి చెప్పాల్సినవి ఇంకో రెండు. 38 కాబట్టి మూడు నాలుగేళ్ళలో చత్వారం వస్తుంది. ఇప్పుడు అద్దాలు తీస్తే ఫోన్ దగ్గరగా కనిపిస్తోంది, లేసిక్ తర్వాత దగ్గరికి అద్దాలు తప్పవు. లేసిక్ కార్నియాని చదును చేస్తుందే గానీ కంటి పొడవు తగ్గించదు. రెటీనా అప్పుడూ -7.00 రెటీనాయే. ఏడాదికోసారి కంటిపాప పెద్దది చేసి రెటీనా అంచుల దాకా చూపించుకోవాలి. మెరుపులు, ఒక్కసారిగా నల్ల చుక్కల గుంపు, పక్కనుంచి తెర దిగినట్టు ఉంటే అదే రోజు ఆసుపత్రి.

పల్లెపైరు:
పెద్దవాళ్ళ సంగతి వచ్చింది కాబట్టి ఒక ప్రశ్న. మా పెదనాన్నగారికి 63. ఇన్నాళ్ళూ దూరం బాగానే కనిపించేది. ఏడాదిగా బస్సు బోర్డు కనబడట్లేదు, -2.00 అన్నారు. చిత్రమేంటంటే చత్వారం అద్దాలు లేకుండానే పేపర్ చదివేస్తున్నారు. చూపు తిరిగొచ్చినట్టేనా?

చిన్నకళ్ళ_డాక్టర్:
తిరిగి రాలేదు. కంట్లోని సహజ లెన్సు మధ్యలో గట్టిపడి శుక్లం వస్తోంది. ఆ లెన్సు సాంద్రత పెరిగి మైనస్ వైపు జరుగుతుంది, కొన్నాళ్ళు దగ్గరివి కనిపిస్తాయి, తర్వాత అదీ పోతుంది. ఇప్పుడు అద్దాలు చేయిస్తే ఆర్నెల్లకి మళ్ళీ మార్చాలి, ఆపరేషన్ ఎప్పుడన్నది ముందు అడగండి. షుగర్ కూడా చూపించండి. రక్తంలో షుగర్ బాగా పెరిగితే ఏ వయసులోనైనా పవర్ మారుతుంది, తగ్గాక ఇంకోలా ఉంటుంది. షుగర్ కుదుటపడి కొన్ని వారాలయ్యేదాకా అద్దాలకి కొలత తీసుకోకూడదు. రోజుల్లో వచ్చిపడిన మైనస్, అదీ రెండు కళ్ళకీ, దాంతోపాటు కంటినొప్పి ఉంటే వాడే మందులు చూడాలి. మైగ్రేన్‌కి ఇచ్చే టోపిరామేట్ ఇలా చేయగలదు. అప్పుడది అద్దాల షాపు పని కాదు, అత్యవసరం.

ఇద్దరు_పిల్లల_తల్లి:
అందరికీ ధన్యవాదాలు. చుక్కలు వేసి చేసే పరీక్ష చేయించాం. పాపకి కుడి -1.75, ఎడమ -2.00, సిలిండర్ -0.25. పొడవు 24.5, 24.6. బాబుకి రెండు కళ్ళకీ +0.50. డాక్టర్ 0.025 చుక్కలు గానీ ఆ లెన్సులు గానీ ఎంచుకోమన్నారు. రెండూ కలిపి వాడొచ్చా?

చిన్నకళ్ళ_డాక్టర్:
చూశారా, చుక్కలు లేకుండా రాసినదానికంటే పావు తగ్గింది. అయినా పెరుగుదల నిజమే. కలిపి వాడటం చేస్తున్నారు, ఒక్కదానికంటే కొంత ఎక్కువ ఫలితం రావచ్చు. కానీ రెండూ ఒకేసారి మొదలుపెడితే ఏది పనిచేస్తోందో, ఏది పడటం లేదో తెలియదు. జోడు రోజంతా పెట్టుకునే పిల్ల అయితే లెన్సులతో మొదలుపెట్టండి, విసిరేసే రకమైతే చుక్కలతో. ఆర్నెల్లకి అదే యంత్రం మీద పొడవు కొలిపించండి, వేరే యంత్రమైతే అంకెలు కలవకపోవచ్చు. 0.15 మి.మీ. కంటే ఎక్కువ పెరిగి ఉంటే అప్పుడు రెండోది చేర్చండి. బాబుకి +0.50 తక్కువే. అద్దాలు వద్దు, ఆరుబయట రెండు గంటలు, ఆర్నెల్లకోసారి చుక్కలతో పరీక్ష.

లెన్సు_బెంచి:
సిలిండర్ -0.25 దగ్గర షాపువాళ్ళతో పేచీ పెట్టుకోకండి, డాక్టర్ వదిలేయమంటే వదిలేయొచ్చు. కంటిపాపల దూరం మాత్రం ఆ చీటీ మీదే రాయించుకుని వెళ్ళండి.